ఇసుక వెంట కొండ మీదికి

జపాన్‌లో మొట్టమొదటి రైలు సొరంగం ఏ కొండను తొలిచి వేశారని అడిగితే మనం ఏదో ఒక పర్వతం పేరు వెతుక్కుంటాం. ఆ సొరంగం నది కింద ఉండేది. ఒసాకా నుంచి కోబెకి వేసిన రైలు మార్గంలో 1871లో పూర్తయింది. పైన ఇషియా అనే చిన్న నది పారుతుంటే రైలు దాని అడుగు నుంచి వెళ్లేది.

నదికి వంతెన వేస్తారు గానీ సొరంగం ఎందుకు? ఆ నది చుట్టూ ఉన్న పొలాలకంటే, ఇళ్లకంటే ఎత్తులో పారేది కాబట్టి. ఎగువన ఉన్న రొక్కో కొండల నుంచి ఏటా ఇసుక కొట్టుకొచ్చి నది అడుగున మేట వేసేది. అడుగు లేచేసరికి వరద గట్టు దాటేది. ఊరివాళ్లు గట్టు పెంచేవాళ్లు. మళ్లీ ఇసుక, మళ్లీ గట్టు. ఇలా తరాలు గడిచేసరికి నది మనుషుల నెత్తి మీదికి ఎక్కి కూర్చుంది. ఇలాంటి వాటిని జపాన్ వాళ్లు పైకప్పు నదులంటారు. ఇంట్లో కూర్చుంటే నది పైకప్పంత ఎత్తులో ఉంటుందన్నమాట.

సొరంగం పూర్తయిన రెండేళ్లకు, 1873లో, నెదర్లాండ్స్ నుంచి ఒక ముప్ఫై ఏళ్ల మనిషి జపాన్‌లో దిగాడు. పేరు యోహానిస్ డె రైకె. జపాన్ వాళ్ల నోట డె రేకె అయ్యాడు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు ఎలా వినిపిస్తుందో, జపాన్‌లో నదుల పని తెలిసినవాళ్ల మధ్య ఈయన పేరు అలా వినిపిస్తుంది. ఒక తేడా ఉంది. కాటన్ గోదావరి డెల్టా తల దగ్గర నిలబడి నీళ్లను పొలాలకు మళ్లించాడు. డె రైకెను పిలిపించింది సముద్రం ఒడ్డున నది మొగను బాగుచెయ్యడానికి. ఆయన ఆ పని చేస్తూనే, ఇసుక ఎక్కడి నుంచి వస్తోందో చూడటానికి కొండ ఎక్కాడు.

నేను సివిల్ థర్డ్ ఇయర్. చెక్ డ్యామ్‌ల మీద సెమినార్‌కి తయారవుతుంటే ఈయన పేరు తగిలింది. సెమినార్ అయిపోయింది గానీ ఈయన నన్ను వదల్లేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆయన ఊరి గురించి చెప్పాలి. డె రైకె 1842 డిసెంబర్ 5న కోలైన్స్‌ప్లాట్ అనే ఊళ్లో పుట్టాడు. నెదర్లాండ్స్ నైరుతి మూల జీలండ్ ప్రాంతంలో, ఒక దీవి మీద ఉంటుంది ఆ ఊరు. అక్కడ కొండ అన్నదే లేదు. రాయి కూడా దొరకదు. సముద్రం, బురద, గట్లు, గట్ల వెనక పొలాలు. తండ్రి సేద్యం చేస్తూ గట్ల పనికి కూడా వెళ్లేవాడు. గట్టు తెగితే ఊరే ఉండదు కాబట్టి గట్టు పని అక్కడ అందరికీ ప్రాణం మీది పని. రాయి లేని ఆ దేశం పుల్లలతో సరిపెట్టుకోవడం నేర్చుకుంది. సన్నని కొమ్మలను మోపులు కట్టి, ఆ మోపులను చాపలా అల్లి, పైన బరువు వేసి నీటి అడుగున దించుతారు. ఆ కంప పరుపు కింద మట్టి కొట్టుకుపోకుండా నిలుస్తుంది.

డె రైకె కాలేజీలో ఇంజనీరింగ్ చదవలేదు. లెబ్రెట్ అనే నీటిపారుదల ఇంజనీరు ఆయన్ని దగ్గర పెట్టుకుని లెక్కలు, హైడ్రాలిక్స్ నేర్పాడు. మిగతాదంతా పనిలో నేర్చుకున్నదే. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఆరెంజ్ లాకుల నిర్మాణంలో పనిచేశాడు. మన గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకి ఆ పని ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

అప్పుడే జపాన్ తలుపులు తెరిచి, దేశాన్ని కొత్తగా కట్టుకునే హడావుడిలో ఉంది. రైళ్లకు ఇంగ్లీషు వాళ్లను పిలిస్తే, నదులకు, రేవులకు డచ్ వాళ్లను పిలిచింది. అలా వచ్చినవాళ్లలో జార్జ్ ఆర్నాల్డ్ ఎషర్ ఒకడు. నీరు పైకి పారుతున్నట్టు, మెట్లు ఎక్కినకొద్దీ మొదటికే వస్తున్నట్టు బొమ్మలు వేసిన ఎం. సి. ఎషర్ ఉన్నాడు కదా, ఆయన తండ్రి. ఎషర్ పట్టా ఉన్న ఇంజనీరు, ఆయనకి మొదటి తరగతి హోదా. అదే ఏడాది వచ్చిన డె రైకెకి నాలుగో తరగతి హోదా. పట్టా లేదు కాబట్టి జీతమూ తక్కువే. ఎషర్ 1878లో వెళ్లిపోయాడు. డె రైకె 30 ఏళ్లు ఉండిపోయాడు. ఇద్దరూ ఆ తర్వాత కూడా ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నారు.

మొదటి పని ఒసాకాలో. అక్కడ యోదొ నది సముద్రంలో కలుస్తుంది. వ్యాపారమంతా ఒసాకాలోనే, కానీ నది మొగ ఇసుకతో పూడిపోయి పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయేవి. అవి పక్కనున్న కోబెకి పోయేవి. ఓడలకు దారి చెయ్యమని డచ్ వాళ్లను అడిగారు. డె రైకె, ఎషర్ నది వెంబడి తమ దేశపు పద్ధతి మొదలుపెట్టారు. ఒడ్డు నుంచి నది మధ్యకు పొడుచుకొచ్చే కట్టలను కంప పరుపుల మీద వరసగా వేయించారు. వాటి వల్ల ప్రవాహం మధ్యకు ఇరుకై, తన దారి తానే లోతు చేసుకుంటుంది.

కానీ ఎంత తోడినా, ఎంత ఇరుకు చేసినా, ఇసుక వస్తూనే ఉంటే ఏం లాభం? నా ఉద్దేశంలో డె రైకె జీవితం మలుపు తిరిగింది ఈ ప్రశ్న దగ్గరే. ఆయన యోదొలో కలిసే ఉపనదుల వెంట పైకి వెళ్లాడు. కిజు నది పక్క కొండలు, బీవా సరస్సుకి దక్షిణాన తనకామి కొండలు చూశాడు. అవి పేరుకే కొండలు. చెట్టు లేదు. తెల్లగా, బోడిగా, వాన పడితే చాలు జారిపోయే ఇసుక గుట్టలు.

వాటికి ఆ గతి ఒక్కరోజులో పట్టలేదు. దాదాపు పదమూడు వందల ఏళ్ల కిందట నారా ప్రాంతంలో రాజధానులు, గుళ్లు కట్టేటప్పుడు తనకామి కొండల హినోకి దుంగలను నరికి నదుల మీద తేల్చుకుంటూ తీసుకెళ్లారు. తర్వాత వంటచెరకు కోసం మిగిలినవి పోయాయి. ఆ తర్వాత మనుషులు వేళ్లు కూడా తవ్వుకున్నారు. 1666లోనే అప్పటి షోగున్ ప్రభుత్వం వేళ్లు తవ్వకూడదని, బోడి కొండల మీద మొక్కలు నాటాలని ఆజ్ఞ ఇచ్చింది. అంటే సంగతి అప్పటికే అక్కడివాళ్లకు తెలుసు. డె రైకె కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. అక్కడి రాయి గ్రానైట్. చెట్టు పోయాక అది ఎండకీ వానకీ చిట్లి, చేత్తో నలిపితే రాలే ముతక ఇసుక అవుతుంది. వాన నీళ్లు దాని మీద మొదట గీతలు గీస్తాయి, గీతలు పాయలవుతాయి, పాయలు లోతైన గండ్లవుతాయి. గల్లీ కోత అని మనం చదువుకునేది ఇదే.

ఇక్కడ కాస్త సబ్జెక్టులోకి వెళ్లాలి, లేకపోతే ఆయన ఏం చేశాడో అర్థం కాదు.

పారే నీరు అడుగును కోసే బలం దేని మీద ఆధారపడుతుంది? నీటి లోతు, వాలు. రెంటినీ గుణించి నీటి బరువుతో హెచ్చవేస్తే అడుగు మీద రాపిడి బలం వస్తుంది. వానను మనం తగ్గించలేం. వాలును తగ్గించొచ్చు. 100 మీటర్ల పొడవున 10 మీటర్లు దిగే వాగు ఉందనుకోండి. దానికి అడ్డంగా మీటరు ఎత్తున ఐదు చిన్న కట్టలు వేశాం. వాటి వెనక ఇసుక నిండిపోయాక ఏమవుతుంది? 10 మీటర్ల దిగుడులో 5 మీటర్లు ఐదు మెట్ల దగ్గరే అయిపోతుంది. మిగిలిన 5 మీటర్లే 100 మీటర్ల పొడవునా పరుచుకుంటుంది. వాలు సగమైంది. లోతు అంతే ఉంటే రాపిడి బలమూ సగమే. నీటి శక్తి మెట్టు మెట్టుకీ రాళ్ల మీద పడి ఖర్చైపోతుంది.

ఇంకో సంగతి. గండి అడుగు లోతవుతున్నకొద్దీ రెండు పక్కల ఒడ్లకు పాదం తెగి కూలిపోతాయి. కట్ట వెనక ఇసుక నిండి అడుగు పైకి లేస్తే, ఒడ్డు పాదానికి ఆ ఇసుకే ఆసరా. పైగా నిండిన చోట వాగు వెడల్పై నీరు పలచగా పారుతుంది, లోతు కూడా తగ్గుతుంది. అంటే కొండ నుంచి ఊడివచ్చిన ఇసుకే ఆ కొండను నిలబెడుతుంది.

అందుకే కొండవాగులో కోత ఆపడానికి కట్టిన చెక్ డ్యామ్ నిండిపోయిందంటే పాడైందని కాదు, పని మొదలుపెట్టిందని. మన ఊళ్లలో వాగుల మీద నీళ్లు నిలపడానికి కట్టే చెక్ డ్యామ్‌ల సంగతి వేరు. వాటిలో పూడిక తియ్యాలి, లేకపోతే నీళ్లకు చోటుండదు. పేరు ఒకటే కావడం వల్ల ఈ రెంటినీ కలిపేసుకుంటాం. కొండవాగు కట్టలో పూడిక తీస్తే దాని కాళ్లు విరగ్గొట్టినట్టే.

ఖర్చు విషయానికొస్తే, ఈ కట్టలకు కావాల్సినవి కొండ మీదే ఉంటాయి. రాయి ఉన్నచోట రాయి, లేనిచోట కంప మోపులు, గడ్డి పెళ్లలు, మట్టి. ఒక పెద్ద కట్ట కంటే పది చిన్నవి మేలు. పెద్దది పోతే ఆపిన ఇసుకంతా ఒక్కసారే ఊరి మీద పడుతుంది. చిన్నవాటిలో ఒకటి పోతే మిగతావి కాసుకుంటాయి. చవకే గానీ చులకన కాదు. కట్ట మధ్య భాగం పల్లంగా ఉండాలి, లేకపోతే వరద చివర్ల పక్క నుంచి ఒడ్డును కోసుకుని పోతుంది. రెండు చివర్లూ ఒడ్డులోకి బాగా చొచ్చుకుని ఉండాలి. నీళ్లు దూకే చోట రాళ్లు పరవాలి, లేకపోతే కట్ట కింద గుంట పడి కట్టే అందులోకి ఒరుగుతుంది. పైకట్ట పాదం, కింది కట్ట పైమట్టం చూసుకుని మధ్య దూరం కుదుర్చుకోవాలి. ఇవన్నీ కాగితం మీద నాలుగు మాటలు. వాగులో నిలబడి ప్రతి కట్టకీ విడిగా తేల్చుకోవాల్సిన లెక్కలు.

1870ల మధ్య నుంచి కిజు ప్రాంతంలో, ఫుదో అనే వాగు దగ్గర ఇలాంటి పనులు మొదలయ్యాయి. రాతి కట్టలు కట్టారు. కొండ వాలు మీద మెట్లు మెట్లుగా తవ్వి, గడ్డి పెళ్లలు పేర్చి, పైన్ మొక్కలు నాటారు. ఈ పద్ధతుల్లో చాలా భాగం జపాన్ వాళ్లకు ముందు నుంచీ తెలిసినవే. డె రైకె చేసిందేమిటంటే, వాగులో కట్టను, వాలు మీద మొక్కను, దిగువన నది కట్టను, సముద్రం దగ్గర రేవును ఒకే లెక్కలోకి తేవడం. కొండ బాగుచెయ్యకుండా రేవు బాగుపడదని ప్రభుత్వానికి నివేదికల మీద నివేదికలు రాయడం. 1878లో కేంద్ర ప్రభుత్వమే ఈ కొండల్లో పనులు చేపట్టింది.

వాటిలో పేరు పడ్డది తనకామి కొండల్లో కుసాత్సు నది ఎగువన ఉన్న కట్ట. జపాన్ వాళ్లు దాన్ని హాలండ్ కట్ట అంటారు. 1889లో పూర్తయింది. డిజైన్ చేసింది తనాబే గిసబురో అనే జపాన్ ఇంజనీరు, దారి చూపింది డె రైకె. చెక్కిన గ్రానైట్ దిమ్మెలను మెట్లలా పేర్చారు. ఎగువకు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. నీరు ఒక్క దూకుడులో పడకుండా మెట్టు మీంచి మెట్టు మీదికి దిగుతుంది. అది ఇప్పటికీ పనిలోనే ఉంది. ఎండాకాలం పిల్లలు ఆ మెట్ల మీద నీళ్లలో ఆడుకుంటారు.

ఒసాకా తర్వాత ఆయనకు అప్పజెప్పిన పెద్ద పని కిసో, నగారా, ఇబి నదులది. మూడూ నగోయా పక్కన ఒకే మైదానంలో ఒకదానితో ఒకటి చిక్కుపడి పారేవి. ఊళ్లకి ఊళ్లే చుట్టూ గట్టు కట్టుకుని, పళ్లెంలో కూర్చున్నట్టు బతికేవి. ఈ నదులను విడదియ్యాలని 1754, 1755లో ఒక ప్రయత్నం జరిగింది. ఎక్కడో దక్షిణాన ఉన్న సత్సుమా సంస్థానం మీద షోగున్ ఆ పని భారం వేస్తే, వచ్చిన సమురాయ్‌లలో 80 మందికి పైగా చనిపోయారు. సమస్య మాత్రం మిగిలే ఉంది. డె రైకె 1878లో ఆ నదులు చూశాడు. ఇక్కడ కూడా ముందు కొండవైపే తిరిగాడు. ఎగువన చెట్లు కొట్టడం ఆపి, వాగుల్లో కట్టలు వేసి, ఇసుకను పుట్టినచోటే పట్టుకోవాలని రాశాడు. ఆ తర్వాతే మూడు నదులను మూడు దారుల్లోకి విడదీసే ప్లాన్ గీశాడు. 1887లో పని మొదలై 1912లో పూర్తయింది. ఈ ప్రాంతంలోనే యోరో కొండల వాగుల్లో అప్పటి రాతి కట్టలు నేటికీ నిలిచి ఉన్నాయి.

1891లో తొయామా వైపు జోగాన్‌జి నది వరదకు గట్లు తెగితే ఆయన్నే పంపారు. ఆ నది పొడవు 56 కిలోమీటర్లు మాత్రమే. అంతలోనే దాదాపు 3,000 మీటర్ల ఎత్తు కొండల నుంచి సముద్రానికి దిగుతుంది. పైగా 1858 భూకంపంలో ఎగువన ఒక కొండ కూలి, ఆ మట్టి ఇంకా లోయలోనే ఉంది. గట్టులో చాలా చోట్ల ఉన్న కాలువ తూములను ఒక దగ్గరికి చేర్చి, తెగే అవకాశాలు తగ్గించాడు. కానీ ఆ కొండల్లో మట్టిని పట్టి ఉంచే పని ఎంత పెద్దదంటే, 1926లో కేంద్ర ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నాక ఈ రోజుకీ నడుస్తూనే ఉంది. ఒక మనిషి జీవితకాలంలో అయ్యే పని కాదది.

అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయని చెప్పను. ఫ్రాన్స్‌లో చదువుకొచ్చిన జపాన్ ఇంజనీర్లు ఎదిగారు. ప్రభుత్వం దృష్టి పడవలు నడిపే నది నుంచి వరదను ఆపే గట్ల వైపు మళ్లింది. 1896లో నదుల చట్టం వచ్చింది. యోదొ నదిని ఆ ఏడాది నుంచి ఒకినో తదావొ అనే ఇంజనీరు కొత్త ప్లాన్‌తో మళ్లీ కట్టాడు. డె రైకె వేసిన కట్టల్లో చాలావాటికి అసలు పని లేకుండా పోయింది. కట్టకీ కట్టకీ మధ్య ఇసుక చేరి నిశ్చలమైన నీటి గుంటలు మిగిలాయి. చిత్రం ఏమిటంటే, అంతరించిపోతున్న ఇతసెంపరా అనే చిన్న చేపకు యోదొ మీద ఆ గుంటలే ఇల్లయ్యాయి. ఓడల కోసం వేసిన కట్ట చేపను కాచింది.

కానీ నదుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1897లో, కొండల్లో ఇసుకను ఆపే పనులకు విడిగా ఒక చట్టం, అడవులకు ఇంకో చట్టం వచ్చాయి. ఇసుకను ఆపడాన్ని జపాన్ భాషలో సాబో అంటారు. ఇవాళ ప్రపంచమంతా ఇంజనీర్లు అదే మాట వాడుతున్నారు. నది అంటే కింద పారే భాగమొక్కటే కాదని, కొండ కూడా అందులో భాగమేనని ఒక దేశం చట్టంలో రాసుకుంది. ఆ ఘనత ఒక్క డె రైకెదే అనను. పాతికేళ్లు అదే మాట విసుగు లేకుండా చెప్పినవాళ్లలో ఆయన ఒకడు.

1903లో ఆయన జపాన్ వదిలాడు. నాలుగో తరగతిలో చేరిన మనిషి అప్పటికి ఆ దేశపు నదుల మీద ప్రభుత్వానికి సలహాదారుగా పెద్ద హోదాలో ఉన్నాడు. రెండో శ్రేణి పవిత్ర నిధి పతకంతో సాగనంపారు. ఆ తర్వాత కొన్నేళ్లు షాంఘైలో హువాంగ్‌పు నది బాగుచేసే పని చూశాడు. అక్కడా పూడికే సమస్య. 1913 జనవరి 20న ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయాడు. కిసో నదుల దగ్గర, పాత లాకు పక్కన, ఆయన విగ్రహం ఉంది.

విగ్రహం సంగతి అలా ఉంచితే, నన్ను పట్టుకున్నది వేరే సంగతి. పెద్ద డ్యామ్ కడితే ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. మీటరు ఎత్తు రాతికట్టకి అవేమీ ఉండవు. అది సరిగ్గా పనిచేస్తే పదేళ్లకు ఇసుకలో సగం కనపడకుండా పోతుంది, ఇరవై ఏళ్లకు దాని మీద చెట్టు మొలుస్తుంది. కింద ఊరివాళ్లకు వరద రాలేదని మాత్రమే తెలుస్తుంది, ఎందుకు రాలేదో తెలియదు. అలాంటి పనికి ఎవరు డబ్బిస్తారు, ఎవరు బతుకు పెడతారు? డె రైకె పెట్టాడు. తనకామి కొండలు పచ్చబడటానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆయన చూసిందంతా బోడికొండలు, వాటి మీద జానెడు మొక్కలు.

మన దగ్గర కూడా వాటర్‌షెడ్ పనుల్లో, ఉపాధి హామీలో కొండవాలు వాగుల మీద వదులు రాళ్లతో ఇలాంటి కట్టలే వేస్తున్నారు. ఈసారి ట్రెక్కింగ్‌కి వెళ్లినప్పుడు అలాంటిది కనపడితే ఒక్క నిమిషం ఆగండి. మధ్యలో పల్లం ఉందా, చివర్లు ఒడ్డులోకి వెళ్లాయా, కింద రాళ్లు పరిచారా చూడండి. వెనక ఇసుక నిండి ఉంటే, ఆ ఇసుక మీద గడ్డి మొలిచి ఉంటే, దాన్ని కట్టినవాళ్లకు పని తెలుసన్నమాట.